ఖాయమేనా

తెమా రేవులో దిగిన పాత కంప్యూటర్ల గుట్టలోంచి
ఈ డిస్కు నా బల్ల మీదికొచ్చింది.
ఎవరో డిలీట్ కొట్టి పంపారు, పాపం,
ఉమ్మి రాసి పలక తుడిచినట్టు.
ఆరగానే అక్షరాలు మళ్లీ తేలాయి.

డచ్చో డేనిషో, నాకు రాని భాషలో ఫోల్డర్ల పేర్లు.
ఒకదాంట్లో రోజుకొకటి చొప్పున
నూట నలభై రికార్డింగులు. పాటలనుకున్నాను.
దగ్గు.
ఒకే మనిషి దగ్గు, తేదీలు వేసి మరీ.
చివరివాటిలో పక్కనెవరో
గ్లాసులోకి నీళ్లు వంపుతున్న చప్పుడు.

ఎబో అన్న నేర్పిన పద్ధతి: చూడకు, వినకు, తుడిచెయ్.
మొదటి రెండూ అప్పటికే తప్పాను.
ప్రోగ్రాం అడిగింది: ఖాయమేనా?
ప్రతి గడిలో సున్నా, దాని మీద ఒకటి,
ఆ పైన నోటికొచ్చిన అంకెలు.
డెబ్బై ఒకటో శాతం దగ్గర కరెంటు పోయింది.
చీకట్లో చెయ్యి వేస్తే
డిస్కుకి ఒళ్లు కాలిపోతోంది.
కరెంటు వచ్చాక, ఖాయమేనా అని
మళ్లీ మొదటికొచ్చింది.

సాయంత్రం దర్జీ అరబా
ఎనభై సెడీలు రెండుసార్లు లెక్కపెట్టి
"లోపల పాతవేమైనా ఉన్నాయా?" అంది.
లేవనబోయాను.
గొంతు సవరించుకోవలసి వచ్చింది.