బూటులో గుండీ

సాయంత్రం బూటు విప్పితే
చొక్కా గుండీ ఒకటి దొర్లింది.
పొద్దుటినుంచీ దాని మీదే నడిచానన్నమాట.
మేజోడు నెత్తురు చూసి
మనవడు బెన్సే ఏడ్చాడు, నేను కాదు.

ముప్పై ఒక్క ఏళ్లు ఇంటింటికీ ఉత్తరాలు మోసిన కాళ్లివి.
ఏ మెట్టు వదులో,
ఏ గుమ్మం ముందు మంచు గడ్డకడుతుందో
కళ్లకంటే ముందు వీటికే తెలిసేది.

రాత్రయితే మాత్రం అన్నీ తెలుస్తాయి వీటికి,
లేనివి కూడా.
దుప్పటి అంచు తగిలితే చాలు, నిప్పుల మీద నడక.
మంచం చివర అట్టపెట్టె పెట్టి
దాని మీదుగా కప్పుకుంటాను.
పాదాలకో గుడిసె.

డాక్టర్ శారోల్తా మాత్ర పెంచింది.
మంట అలాగే ఉంది గానీ
మా ఆయన గెజా పేరే
ఒక పూటంతా నోటికి రాలేదు.

మంగళవారం హేవీజ్ సరస్సుకి బస్సు.
నీటి వేడి మోచేత్తో చూసుకుని దిగుతాను,
పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పటిలా.
చంకల కింద రబ్బరు చక్రం.
అడుగు అందని లోతు.
చుట్టూ కలువలు, తేలే ముసలి తలలు,
ఒకాయన టోపీ కూడా తీయలేదు.

ఇక్కడ ఎవరి కాళ్లకీ నేల తెలియదు.
అరగంట సేపు
నేనూ అందరిలాంటిదాన్నే.

తర్వాత, ఒడ్డున,
బూట్లు బోర్లించి దులుపుతాను
రెండుసార్లు.