మింగుడుపడని పూస

తుర్కులో జనవరి. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి.
ఔరా గడ్డకట్టింది
(ఆశ్చర్యం కాదు, అక్కడి నది పేరు).
నాలుగో అంతస్తులో రౌని హౌతలా
రెండు గాజు సీసాల్ని దీపానికి ఎత్తి చూస్తోంది.
రెంటిలోనూ పలచటి పాలలాంటి నీళ్ళే.
ఒకదాన్లో నున్నటి పూసలు, ఇంకోదాన్లో గరుకువి.
ఒకే పాలిమర్, ఒకే కొలత,
వెంట్రుక మందంలో నూరో వంతు.
తేడా అంతా పైతోలులోనే.

గరుకువాటిని లక్కా పళ్ళంటుంది ఆమె.
ఉత్తరాది బురదనేలల్లో ఆగస్టులో పండే
ఒళ్ళంతా బొడిపెల పసుపు పండు.

సీరంలో వేసింది.
రక్తంలోకి దిగిన పూస
రెప్పపాటు కూడా ఒంటరిగా ఉండదు.
ఆల్బుమిన్ వస్తుంది, పిలవకముందే
ముందుబంతిలో కూర్చునే చుట్టంలా.
ఫైబ్రినోజెన్ నిదానంగా వచ్చి
దాన్ని లేపి ఆ పీట మీద కూర్చుంటుంది.
ఇక లేవదు.
కాసేపటికి పూస ఎవరికీ కనిపించదు,
పూతే దాని ముఖం.

గరుకుదానికే ఎక్కువ అంటుకుంది. లెక్క తేలింది.
ఎక్కువ తొడుక్కున్నది ఎక్కువ కంటపడుతుంది,
కంటపడ్డదాన్ని కణం మింగుతుంది:
కాఫీ మరకపక్కన ప్రొఫెసర్ లిండ్రూస్ గీసిన బాణం.

కణాలు ఎవరివో రౌనికి తెలియదు.
రక్తదాన కేంద్రం సంచి మీద
ఒక అంకె, ఒక తేదీ, అంతే.
మంగళవారం చెయ్యి చాపి, జ్యూసు తాగి,
బస్సెక్కి ఇంటికెళ్ళిన ఎవరి తాలూకు తిండిపోతులో
ఇక్కడ గాజుపలక మీద
ఇంకా కాపలా కాస్తున్నాయి.

వేడిపెట్టెలో కెమెరా. నిమిషానికో బొమ్మ.
నున్నటి పూస దగ్గరికి కణం వచ్చింది,
పెదవి సాచింది, గుటుక్కున మింగింది.
లక్కా దగ్గరికి వచ్చింది.
తాకింది. తగ్గింది. మళ్ళీ తాకింది.
పుచ్చకాయ బేరమాడేవాడిలా
అటూ ఇటూ దొర్లించి చూసి
వదిలేసి వెళ్ళిపోయింది.
బొడిపెల కొసలకే దాని వేళ్ళు ఆనాయి.
పల్లాల్లో దిగిన ప్రోటీన్లు
చొక్కా మడతలో చిక్కిన చిల్లరలా
ఉన్నాయి, చేతికందలేదు.

రాత్రి పదకొండు. మైక్రోస్కోపులు చూసుకునే వెయిక్కో
బూట్ల మంచు దులుపుకుంటూ బొమ్మలు చూశాడు.
పాతికేళ్ళు మంచు కోసే ఓడలో బతికిన మనిషి.
"నున్నటి మంచే పడేస్తుందంటారు," అన్నాడు,
"నా మడమ విరిగింది గరుకు మంచు మీద."
అది జవాబో కాదో ఆమెకు తేలలేదు.
అతనికీ తేలలేదనుకుంటా.

గురువారం ఇంకో సంచి, ఇంకో అంకె.
ఈ కణాలు నునుపూ గరుకూ ఎంచలేదు,
దొరికిందల్లా మింగేశాయి.
ఆమెకే మింగుడుపడలేదు.
బాణం గీసిన కాగితం తిరగేసి రాసుకుంది:
"దాతకీ దాతకీ తేడా. మళ్ళీ చెయ్యాలి."

తెల్లారి వంతెన మీద ఆగి, చేతితొడుగు తీసి
ఇనప కమ్మీ మీద అరచెయ్యి ఆనించింది.
చేయకూడదని
అక్కడ నాలుగేళ్ళ పిల్లకీ తెలుసు.
కమ్మీ నున్నగానే ఉంది.
చర్మం అంటుకుపోయింది.
వెచ్చగా ఊదుకుంటూ, వేలు తర్వాత వేలు,
విడిపించుకుంటోంది.