రెండు పళ్లాలు

వరంగల్ ఆటోనగర్‌ల రాజమొగిలి లేతు కాడ
గోనెసంచి మీద రెండు పళ్లాలు పెట్టిన.
ఒకటి కంపెనీది. నూనె కాయితం ఇప్పితే
బూడిదరంగు, మొఖం మీద ఏ ముచ్చటా లేదు.
జత ఇరవై నాలుగు వేలు.
ఇంకోటి బయటిది. ఒళ్లంతా రంధ్రాలు, వంకర గీతలు,
అంచుకు బంగారు పూత, సగం ధర.
ఎర్ర బండి చక్రంల నుంచి అది మెరిస్తే
హన్మకొండ చౌరస్తల పోరగాండ్లు ఫోన్లు తీస్తరు.

అబద్ధమెందుకు, నా మనసు దాని దిక్కే ఉన్నది.

బండికున్న పాత డిస్కు విప్పి
నా చేతిల పెట్టిండు మొగిలి.
అంచుకు గట్టు కట్టింది, వేలు పెడితే కోసుకుంటది.
నడుమ నీలం మచ్చలు.
"గివి ఏడ పడ్డయి?"

చెప్పలె నేను.
రేగొండ దాటినంక, రాత్రి పదకొండు,
వెనుక లైటు లేని బొగ్గు లారీ
చీకటే గడ్డకట్టి నిలబడ్డట్టు.
పెడలు తొక్కితే కాలు కింద వణుకు,
స్టీరింగు జ్వరమొచ్చినట్టు ఊగింది.
లారీ వెనుక రాసిన ఎవలిదో బిడ్డ పేరు
ఒక్కొక్క అక్షరం చదువుకున్నంక
ఆగింది బండి.
పక్క సీట్ల స్వరూప ఏమనలె.
ఇల్లు చేరేదాక ఏమనలె.
తెల్లారి బండి తాళంచెవి మాత్రం
కందిపప్పు డబ్బాల దాచింది.

మొగిలి వెర్నియర్ తుడిచి కొలిచిండు.
"ఇరవై రెండు లోపటికి పోవద్దని అంచుకే రాసిండ్రు.
ఇది ఇరవై ఒకటిన్నర.
అర మిల్లీమీటరు బాకీ తెచ్చుకొని నడుపుతున్నవ్."

రెండిట్ల ఏది మంచిదన్నా అంటే
జవాబియ్యలె. పక్కన పాత ఇనుము కొనే
గౌస్‌పాషా కాంటా మీద పెట్టిచ్చిండు.
కంపెనీది ఏడు కిలోల రెండు వందలు.
బంగారపుది ఆరుంబావు.
తేలికైతే మంచిదే గదా అన్న.
"రంధ్రాలకు పోయింది వంద గ్రాములనుకో,
మిగతాది ఏడ మింగిండు?"
టార్చి కొట్టి నడుమ రెక్కలు చూపిచ్చిండు:
ఒకటి మందం, ఒకటి పల్చన,
తొందరల పోసిన అట్ల లెక్క.
"బయటియన్నీ గిట్లనే అంటలేను.
మంచిగ జేసేటోళ్లున్నరు, పేరూ ఊరూ అచ్చేసుకుంటరు.
దీని మీద ఎవలి పేరున్నది? సూడు."

తిప్పి తిప్పి చూసిన. లేదు.

పానాతోటి కొడితే కంపెనీది దబ్బుమన్నది.
రెండోది ఎంతసేపు మోగిందో,
గౌస్‌పాషా చేసే బేరం ఆపి ఇటు చూసిండు.

కంపెనీయే ఎక్కిచ్చిండు.
ములుగు రోడ్డు మీద మొదటి వారం
పాలబిందె పెట్టుకున్నట్టు నడిపిన.
తాళంచెవికి ఇప్పటికీ పప్పు వాసన.

వాపసు తీసుకోమంటే అమ్మినోడు ఫోనెత్తలె.
ఒకటి మొగిలి రంజన్ మీద మూతేద్దామనుకున్నడు,
రంధ్రాలల్ల చీమలు దిగినయి.
ఇంకోదాన్ని షెడ్డు పైపుకు వేలాడదీసిండు.
సాయంత్రం నాలుగింటికి చాయ వస్తే
పనిపిలగాడు సందీప్ దాని మీద రెంచీ వేస్తడు.

మంచి గొంతు దానిది, కాదనను.
అది మోగినప్పుడల్ల
నిలబడ్డ కాడనే నా కుడికాలు
నేలను గట్టిగ తొక్కుతది.