పురుగు పట్టిన రాయి

బ్రాచ్ దీవి రాతిగనిలో
ష్పీరో పక్కకు నెట్టేసిన పలక ఇది.
"పురుగు పట్టింది, ఎవడు కొంటాడు?"

నెవెంకా దాన్ని అడ్డంగా కోసి
వెలుగు దూరేంత పలచగా అరగదీసింది.

పగడాలని పొరబడ్డారు వీటిని ఒకప్పుడు.
కాదు, ఆల్చిప్పల చుట్టాలే.
ఒక చిప్ప కొమ్ములా నిటారుగా పెరిగితే
రెండోది మూతై కూర్చుంది.

లోపలి పొర ఏనాడో కరిగిపోయింది,
మాంసం సంగతి అడగనే వద్దు.
మిగిలిన గోడలో
లోనికి మడతపడ్డ రెండు స్తంభాలు, ఒక గట్టు.
ఆ గట్టు కొస
గుండ్రమా, తెగ్గోసినట్టా?
దాన్నిబట్టే ఇంటిపేరు.

గుండ్రం, అని రాసింది.
కొట్టేసింది.
మళ్లీ అద్దానికి కన్ను ఆనించింది.

కిటికీ అవతల ష్పీరో
అమ్ముడుపోని రాళ్ల మీద కూర్చుని
సార్డీన్ చేప ఒలుస్తున్నాడు,
నడిముల్లు విరగకుండా.