పన్నెండో వారం

బెలేం వైద్య కళాశాలలో
పాఠ్యప్రణాళిక టైపు చేసేది నేనే.
పదకొండు వారాలు నిండాక
కాగితం అడుగున నాలుగు వేళ్ళ జాగా మిగిలింది.
"అక్కడ 'ఇతర దృక్పథాలు' అని కొట్టెయ్, ఇవొనేచీ"
అన్నారు కమిటీ పెద్దలు,
కాఫీ చల్లారకముందే.

ఆ జాగాలోకి వచ్చింది దోనా జుల్మీరా.
ఆరు గంటలు పడవ, మూడు గంటలు బస్సు,
ఒళ్ళో అందిరోబా నూనె సీసా.
పారిపోయిన బానిసలు కట్టుకున్న ఊరు ఆమెది.
మ్యాపులో ఆ చోట
నది ఒక్కటే ఉంటుంది.

పారితోషికం ఫారం అడిగింది: విద్యార్హత?
ఆమె నా వైపు చూసింది, నేను ఫారం వైపు.
"నాలుగు వందల పన్నెండు కాన్పులు" అంది.
"తల్లీ బిడ్డా దక్కినవే చెప్తున్నా."
కంప్యూటరు ఒప్పుకోలేదు.
చివరికి ఆమె డబ్బు
చేతితొడుగులు, దూది, ప్లాస్టిక్ కటి ఎముక
కొనే పద్దులోంచి వచ్చింది:
ప్రదర్శన సామగ్రి.

పన్నెండో వారం పరీక్షలో రాదని అందరికీ తెలుసు.
డెబ్బై కుర్చీల గదిలో తొమ్మిది మంది,
అందులో ఒకడు నిద్ర.
ఆమె ప్లాస్టిక్ ఎముకను పక్కకి జరిపి
మోకాళ్ళూ అరచేతులూ నేలకి ఆనించి
తనే వంగి చూపించింది,
ఎదురుకాళ్ళ బిడ్డ వచ్చేటప్పుడు తల్లి ఎలా ఉండాలో.
డెబ్బై ఒక్కేళ్ళ కీళ్ళు టపటపమన్నాయి.
"నడుము దాకా బయటపడ్డాక లాగకండి.
చేతులు వెనక్కి పెట్టుకోండి.
చేయి తిరిగినవాళ్ళకి
ఊరుకోవడమే కష్టం."

నిద్రపోయినవాడు ఎప్పుడు లేచాడో,
"ఇది ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు.
వెటకారమేమో అనుకున్నాను,
పెన్ను మూత తీసి ఉంది.
"మా అమ్మలో ఉండేది. ఇప్పుడు నాలో ఉంది.
తొందరగా రాసుకో."

మరుసటి నెల కమిటీ మళ్ళీ కూర్చుంది.
ఆ వారాన్ని ఉంచాలా, ఐచ్ఛికం చేయాలా?
ఒకాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ,
ఇవాళ ఈవిడ, రేపు విరిగిన ఎముకలు కట్టేవాళ్ళు,
ఎల్లుండి సంతలో ఆకులమ్మేవాళ్ళొచ్చి
మీ మందులకి పేర్లు పెట్టింది మేమే అంటారు,
ఎక్కడ ఆపుతాం?

మినిట్స్ రాసే మనిషికి నోరుండకూడదు.
మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏదొస్తే అది పట్టాలి కదండీ!
అని అనలేదు.
పెన్సిల్ ముక్కు మాత్రం విరిగింది.

ఐచ్ఛికమే అయింది.
ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక
పన్నెండులోంచి ఆమె పాఠాన్ని కోసి
నాలుగో వారంలో అతికించాను,
ఎదురుకాళ్ళ కాన్పు పక్కన.
అక్కణ్ణుంచి ఏటా ప్రశ్న వస్తుంది.

ఆధారం గడిలో రాశాను:
జుల్మీరా దో నాసిమెంతో త్రిందాదే.
ప్రచురణ స్థలం: నది పేరు.
పేజీ సంఖ్య దగ్గర చేయి ఆగింది.
ఖాళీగా వదిలితే ముందుకి కదలదు.
412 అని కొట్టాను.

ఈసారి ఒప్పుకుంది.
సంతకాలకి పంపాను.
అంత కిందిదాకా
ఎవరూ చదవరు.