చాకలి పద్దు

మాకు అక్షరం రాదు.
నల్లజీడి గింజ ఉంది, సూది మొన ఉంది.
గింజ రసంలో మొన ముంచి
అంగీ మెడ లోపలివైపు ఒక్క గుర్తు పెట్టానా,
బట్ట చిరగాలే గాని గుర్తు పోదు.

ఒక చుక్క, శివటహల్ దూబేది.
చుక్క కింద గీత, ఇనాయత్‌ది.
రెండు గీతలు, నడుమ చుక్క: బైజనాథ్.

దూబే అంగీ ఎప్పుడూ కుడి భుజం దగ్గరే చిరుగుతుంది,
తుపాకీ వారు రాసుకుని.
ఇనాయత్ జేబు నిండా బెల్లం పొడి, దాని వెంట చీమలు.
బైజనాథ్ ఇంకా పిల్లాడు.
మూట మూటకీ ఒక గుండీ తక్కువ.
"ఏం చేశావురా?" అంటే
"నువ్వే మింగావు, రజ్‌పతియా" అనేవాడు.

ఆ వేసవిలో తూటాల మాట రేవు దాకా వచ్చింది.
ఆవు కొవ్వట, పంది కొవ్వట.
దొరల బల్లగుడ్డల మీద ఆ రెండు మరకలూ
ఏళ్ల తరబడి ఉతికిన చేతులివి.
నీ మతం ఏమైందే అని నన్నెవరూ అడగలేదు.
నా కుండలో నీళ్లు తాగని దూబే
నా ఉతుకు మాత్రం తొడుక్కునేవాడు.

అయినా నాకు ముందే తెలిసింది.
మూట ఇచ్చేటప్పుడు వాళ్లు లెక్కపెట్టడం మానేశారు.
తిరిగి తొడుక్కుంటాననుకున్నవాడెవడూ
బట్టలు లెక్కపెట్టకుండా ఇవ్వడు.

జ్యేష్ఠంలో ఒక సాయంత్రం
పొగ చూసి నా బానదే అనుకున్నాను.
కాదు, దొరల బంగళా కప్పు.
పల్టన్ మొత్తం సరయూ గట్టు వెంబడి
లక్నో దారి పట్టింది.
తీగమీద నలభై ఒక్క తడి అంగీలు
గాలికి చేతులూపాయి.
ఒక్కడూ వెనక్కి చూడలేదు.

మాఘంలో దొరలు తిరిగొచ్చారు.
ఆ ఏడు మామిడి తోటలో
పూతకన్నా ముందే కొమ్మలకు బరువొచ్చింది.
సార్జంటు నా గుడిసెలో మూట చూశాడు.
"పొద్దున్నే వస్తా. ఏ గుర్తు ఎవరిదో చెప్పు."
గుర్తుకో పేరు,
పేరుకో ఊరు,
ఊరుకో నిప్పు. ఆ పద్దు నాకు తెలియనిది కాదు.

ఆ రాత్రి దీపం పెట్టలేదు.
కుంపటి వెలుగులో జీడిగింజలు పగలగొట్టాను.
చుక్కకు గీత చేర్చాను, గీతకు చుక్క చేర్చాను,
కొత్త మరక పాతదానిలా నల్లబడాలని సున్నం అద్దాను.
రసం పడి వేళ్లు బొబ్బలెక్కాయి.
కోడి కూసేసరికి
నలభై ఒక్క మెడల్లోనూ ఒక్కటే గుర్తు.

"ఇదెవరిది?"
"పల్టన్‌ది, దొరా."
"ఇది?"
"పల్టన్‌ది."
"ఇది?"

నన్ను ఉతికారు.
ఆరెయ్యడానికి ఆ పూట
కొమ్మ ఖాళీ లేదు కాబోలు.
పోయేవాడు మూటను బూటుతో తన్ని పోయాడు.
నా రెండు పళ్లు ఆ మూటలోనే దొరికాయి తర్వాత.

రెండు వానాకాలాలు గడిచాక
ఏరు దాటి ఒక ముసలమ్మ వచ్చింది.
బైజనాథ్ తల్లి.
"వాడిదొక అంగీ ఉంటే ఇయ్యి" అంది.
గుండీ లేనిది వెతికాను.
అప్పటికి ఏ అంగీకి గుండీలున్నాయి గనక!
నేను కలిపేసిన గుర్తుల్ని
నేనే విడదీయలేకపోయాను.
చేతికి వచ్చినది తీసి ఇచ్చాను.

ముఖానికి అద్దుకుని, చాలాసేపు ఊపిరి పీల్చి
"వాడిదే" అంది.
జేబు మూలన చీమలు కొరికిన చిల్లు కనబడింది.
నేను నోరు మెదపలేదు.

ఆమె కొంగుముడి విప్పబోతూ అడిగింది,
"ఉతుకు కూలి ఏమైనా బాకీ పడ్డాడా తల్లీ?"

లేదమ్మా.
నేనే వాడికి
ఒక గుండీ బాకీ.