యంత్రం నిద్రపోయిన గంటలు

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
కంప్రెసర్ పక్కన ఇనుప బల్ల మీద
ముప్పై ఒక్క లాగ్ బుక్కులు.
అట్టల మీద గ్రీజు నలుపులో నా వేలిముద్రలు.
ఏ పేజీ విప్పినా మిరప ఘాటే,
తుమ్మకుండా చదవడం ఎవరి వల్లా కాదు.

నేను రాసిందేమీ పెద్ద విషయం కాదు.
గంట గంటకీ లోపలి చలి, బయటి వేడి,
అమ్మోనియా ఒత్తిడి,
చివర్న ఓ సన్నటి గడి:
ఎప్పుడు ఆగింది, మళ్లీ ఎప్పుడు లేచింది.
గది ఆరు డిగ్రీలకు దిగితే
యంత్రం తనంతట తనే ఆగుతుంది.
దాన్ని మేం నిద్ర అనేవాళ్లం.
అది పడుకుంటే నేనూ
గోతాం పరుచుకుని ఓ కునుకు తీసేవాణ్ణి.

ఆ గడి కోసమే వచ్చింది సువార్త,
లాం వైపు నుంచి, స్కూటీ మీద,
ముక్కుకి చున్నీ బిగించి.
"సుభానీ గారూ, మీ యంత్రానికి నిద్ర తగ్గుతోంది, చూశారా?"
నా పనికి వంక పెట్టినట్టనిపించింది.
"ముసలిదైంది తల్లీ, నాలాగే" అన్నాను.
కొత్త మిషను ఎప్పుడొచ్చిందని అడిగింది.
కొత్తది నాలుగేళ్లు హాయిగానే పడుకుంది.
ఆ తర్వాత దానికీ అదే జబ్బు.

తలుపు రబ్బరు చిరిగిన వేసవి ఉంది కదా అన్నాను.
ఆ నెలలు తీసేసింది.
తేజ కాయ తడిగా వచ్చి
టిక్కీలు కప్పు దాకా పేర్చిన ఏడు?
అదీ తీసేసింది.
కరెంటు కోతలు, తీసేసింది.
మా తమ్ముడి నిఖా వారం
కునికిపాట్లు పడుతూ రాశాను, నమ్మకు.
నవ్వి, అదీ తీసేసింది.
ఎదురు పొలం పోయి అపార్ట్‌మెంట్లు లేచాయి,
ఆ గోడల సెగ కాదూ?
దీనికి మాత్రం మూడు రోజులు ఆలోచించింది.
చేల మధ్య ఒంటరిగా ఉన్న ఇంకో స్టోరేజీ పుస్తకాలు తెప్పించి
పక్కపక్కన పెట్టి
గోడల వాటా గోడలకి ఇచ్చేసింది.

యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్లు గుర్తొచ్చారు.
నేనిచ్చిన ఒక్కో సాకునీ
గోటితో తుంచి పక్కన పడేసింది.
ఇక తుంచడానికి ఏమీ లేక
కాయ మిగిలింది.

నేను చేరిన కొత్తలో ఏప్రిల్ రాత్రికి
ఆరున్నర గంటల నిద్ర.
ఇప్పుడు రెండు. అదీ ముక్కలు ముక్కలుగా.
"పగలో?"
"పగలూ తగ్గింది. రాత్రి తగ్గినంత కాదు."
"ఎండ ముదిరితే పగలు కదమ్మా తెలియాల్సింది?"
"అదే" అంది, పెన్ను మూత పెడుతూ.
"ఇది ఎండ పని కాదు.
నేల పగలంతా తాగిన వేడి రాత్రికి పైకి పోవాలి.
పోనివ్వకుండా ఎవరో దుప్పటి కప్పారు."

ఎవరో అంది. మర్యాదకి.
పెరట్లో జనరేటరు అప్పుడే దగ్గి అందుకుంది.
వెనక గోడ దగ్గరికెళ్లి
కండెన్సర్ ఊదే గాలి కింద చెయ్యి పెట్టాను.
లోపలి వేడి తోడి తోడి
వీధిలో పోసింది నేనే కదా ఇన్నాళ్లూ.
"ఈ వేడి కాదు సుభానీ గారూ,
దీన్ని తిప్పడానికి కాలిన బొగ్గు.
మీ ఒక్కరిదీ కాదు."
ఆ చివరి మాట ఓదార్పో, లెక్కో
అడగలేదు.

ఇంటికొస్తే డాబా మీద ఖైరూన్ నీళ్లు చల్లుతోంది.
ఒకప్పుడు ఎనిమిదింటికే చల్లబడే సిమెంటు
ఇప్పుడు పన్నెండు దాటినా
చాప కింద నుంచి వీపు కాలుస్తోంది.
వీపుకి ఎప్పుడో తెలుసు.
వీపుకి లాగ్ బుక్కు లేదు, అంతే.

ఈ రాత్రి డ్యూటీ.
మూడూ నలభైకి ఆగింది.
ఆ నిశ్శబ్దంలో
గోతాం మీద నడుం వాల్చబుద్ధి కాలేదు.
ఎక్కడో లారీ హారను,
ఎండుకాయ ఒరుసుకునే గలగల.
పెన్ను పట్టుకుని దాని ముందే కూర్చున్నాను,
జ్వరం పిల్ల పక్కన కూర్చున్నట్టు.

మూడూ యాభై రెండుకి లేచింది.
రాశాను.